‘ఇఫ్యూసివ్’ను సరిగ్గా వాడటం ఎలా: పొంగడం వేరు, పొర్లడం వేరు

స్టవ్ మీద పాలగిన్నె పెట్టి చూడండి. పాలు అంచు దాకా లేస్తే అది పొంగడం. అంచు దాటి బర్నర్ మీదికి కారితే అది పొర్లడం. తెలుగులో రెంటినీ కలిపి ‘పొంగిపొర్లింది’ అనడం అలవాటు కనుక ఈ తేడా మనకు పెద్దగా పట్టదు. ఇంగ్లీషులో ‘ఇఫ్యూసివ్’ అనే విశేషణానికి మాత్రం ఈ తేడాయే ప్రాణం. మనిషి లోపల సంతోషం ఎంత పొంగినా ఆ మాట అతకదు. ఆ సంతోషం అంచు దాటి మాటల్లోకి, చేతుల్లోకి, పదే పదే చెప్పే థాంక్సుల్లోకి పొర్లినప్పుడే అతుకుతుంది.

పదాల జాబితా బట్టీ పట్టేవాళ్లు దీని పక్కన ‘ఎమోషనల్’ అనో, ‘భావోద్వేగంతో కూడిన’ అనో ఒక్క ముక్క రాసుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కోపం భావోద్వేగమే, భయం భావోద్వేగమే, ఏడుపూ భావోద్వేగమే. అవేవీ ఇఫ్యూసివ్ కావు. ఆ ముక్కను కొట్టేసి దాని స్థానంలో ‘మెచ్చుకోలు, ఆప్యాయత, కృతజ్ఞత బయటికి పొర్లేలా’ అని రాసుకోండి. మిగతాదంతా దీని మీద కట్టుకోవచ్చు.

ముందు నోటికి పట్టించండి

పలుకులో మూడు ముక్కలున్నాయి: ఇ, ఫ్యూ, సివ్. ఒత్తి పలకాల్సింది నడిమి ముక్కను. మొదటి ‘ఇ’ని పొట్టిగా, తేలిగ్గా వదిలేయాలి. హైదరాబాద్‌లో తార్నాక పక్కన, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన విశ్వవిద్యాలయాన్ని ఇప్పుడు నగరమంతా ‘ఇఫ్లూ’ అంటుంది కదా. ఆ ‘ఇఫ్లూ’ అన్నంత సులువుగా ‘ఇఫ్యూ’ అని, వెంటనే ‘సివ్’ చేర్చండి. పదిసార్లు పైకి పలికితే నోరు అలవాటు పడుతుంది.

ఇక్కడ దొర్లే తప్పులు రెండు. ‘ఎఫర్ట్’ పలికినట్టు మొదట్లోనే ఒత్తి ‘ఎఫ్యుసివ్’ అనడం ఒకటి. చివర ‘జివ్’ అనడం రెండోది. నామవాచకం ‘ఇఫ్యూజన్’లో ‘టెలివిజన్’లో వినిపించే లాంటి ‘జ’ ఉంది కాబట్టి, విశేషణంలోనూ అదే ఉంటుందని అనుకుంటారు. ఇంగ్లీషులో ఈ జంటలన్నీ ఒకే పద్ధతిలో నడుస్తాయి. ‘కన్‌క్లూజన్’ అంటే ‘జ’, ‘కన్‌క్లూసివ్’ అంటే ‘స’. ‘ఎక్స్‌క్లూజన్’, ‘ఎక్స్‌క్లూసివ్’ కూడా అంతే. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఇరవై మాటలు సరిగ్గా పలకవచ్చు.

అక్షరాలు: ఈ, ఎఫ్, ఎఫ్, యు, ఎస్, ఐ, వి, ఈ. ఎఫ్‌లు రెండు, ఎస్ ఒకటే. రెండు ఎఫ్‌లు ఎందుకంటే, లాటిన్‌లో ‘బయటికి’ అనే అర్థమిచ్చే ‘ఎక్స్’ ఉపసర్గ, ఎఫ్‌తో మొదలయ్యే మాట ముందు చేరితే ఎక్స్ కాస్తా ఎఫ్‌గా మారిపోతుంది. మన సంధుల్లో ఒక హల్లు పక్క హల్లుగా మారే పద్ధతి లాంటిదే ఇది.

ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మరో జాగ్రత్త తీసుకోవాలి. ‘ద కస్టమర్ వాజ్ ఇఫ్యూసివ్’ అన్నది లైన్ సరిగా లేకపోతే ‘అబ్యూసివ్’లా వినిపించే ప్రమాదం ఉంది. ఒకటి తెగ మెచ్చుకున్నారని, ఇంకొకటి తిట్టారని. ఫోన్‌లో అయితే ‘ద కస్టమర్ వాజ్ ఫుల్ ఆఫ్ ప్రైజ్’ అనండి. ఇఫ్యూసివ్‌ను రాతకు దాచుకోండి.

వేరు పట్టుకుంటే అర్థం జారిపోదు

లాటిన్‌లో ‘ఫుండెరె’ అంటే పోయడం. దాని ముందు ‘బయటికి’ చేరితే ‘ఎఫుండెరె’, అంటే బయటికి పోయడం, ఒలకబోయడం. ఇఫ్యూసివ్ పుట్టింది అక్కడే. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దీనికి అచ్చంగా ‘పొర్లే, కారే’ అన్న అర్థమే ఉండేది. మనుషుల మాటలకూ చేష్టలకూ స్థిరపడింది 19వ శతాబ్దంలో.

ఈ కుటుంబంలో చాలా మాటలు మీకు ఇప్పటికే తెలుసు. రక్తం ఎక్కించడాన్ని ‘ట్రాన్స్‌ఫ్యూజన్’ అంటారు: ఒకరి నుంచి ఇంకొకరికి పోయడం. ఆన్‌లైన్‌లో కొన్న చీర వెనక్కి పంపితే వచ్చే ‘రిఫండ్’ కూడా ఈ వేరు నుంచే: తిరిగి పోయడం. ‘కన్‌ఫ్యూజ్’ అంటే అన్నీ కలిపి ఒకే గిన్నెలో పోయడం. లోహాన్ని కరిగించి పోసే చోటు ‘ఫౌండ్రీ’. బ్యాంకుల్లో వినే ‘ఫండ్’ మాత్రం ఈ ఇంటిది కాదు, దానిది ‘అడుగు, పునాది’ అనే వేరే లాటిన్ మాట. కలపకండి.

ఆసుపత్రి రిపోర్టుల్లో ‘ప్లూరల్ ఎఫ్యూజన్’ అని చూసే ఉంటారు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరల మధ్య నీరు చేరడం అది. ఇది ఆ నామవాచకమే, కానీ ఇక్కడ భావాల ప్రసక్తి లేదు. ‘ఇఫ్యూజన్’కు రెండు కాపురాలు: వైద్యంలో నీరు చేరడం, రాతలో భావం ఒలకబోయడం. అందుకే మెచ్చుకోలు గురించి చెప్పేటప్పుడు నామవాచకం కావాలంటే ‘ఇఫ్యూసివ్‌నెస్’ వాడటం క్షేమం.

భూగర్భ శాస్త్రంలో ఈ విశేషణానికి ఇంకా చక్కటి వాడుక ఉంది. అగ్నిపర్వతం బద్దలై బూడిద ఎగజిమ్మితే ‘ఎక్స్‌ప్లోసివ్’ విస్ఫోటనం. లావా పలుచగా ఉండి, అందులో చిక్కుకున్న వాయువులు తక్కువైతే అది నిదానంగా పొర్లి పారుతుంది. దాన్ని ‘ఇఫ్యూసివ్’ అంటారు. హవాయి దీవుల్లో కనిపించేది ఎక్కువగా ఇదే. మన దగ్గరా దీని గుర్తులున్నాయి. హైదరాబాద్‌లో గుట్టలుగుట్టలుగా కనిపించేది గ్రానైట్. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట శిలాద్రవం నేల లోపలే ఉండిపోయి చల్లారి గట్టిపడిన రాయి. పడమటి దిక్కున వికారాబాద్ వైపు వెళ్తే నల్లటి బసాల్ట్ మొదలవుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల చీలికల్లోంచి పొర్లి, పొరలు పొరలుగా పరుచుకున్న దక్కన్ లావా అది. ఆ వైపు నల్లరేగడి నేలలు ఆ రాయి అరిగి ఏర్పడినవే. గ్రానైట్ లోపలే ఉండిపోయిన భావం. బసాల్ట్ ఇఫ్యూసివ్.

ఈ పోలిక నుంచి ఇంకో సంగతి కూడా తీసుకోండి. ఇఫ్యూసివ్‌లో పేలుడు లేదు, ధార ఉంది. ఉప్పల్ స్టేడియంలో సిక్సర్ పడగానే లేచి వేసే కేక ఇఫ్యూసివ్ కాదు. మ్యాచ్ అయిపోయాక ఆ బ్యాటర్ గురించి ఆపకుండా పది నిమిషాలు చెబుతారు చూడండి, అది ఇఫ్యూసివ్.

పొర్లేది ఏమిటో చూసుకోండి

ధారగా వచ్చే ప్రతి భావానికీ ఈ మాట కుదరదు. మెచ్చుకోలు, కృతజ్ఞత, స్వాగతం, ఆప్యాయత, క్షమాపణ: ఈ ఐదింటితో నిశ్చింతగా వాడవచ్చు. ఐదూ ఎదుటి మనిషి వైపు వెచ్చగా వెళ్లేవే. కోపం ధారగా వస్తే దానికి ‘టిరేడ్’ అనో ‘అవుట్‌బర్స్ట్’ అనో వేరే మాటలున్నాయి. కన్నీరుమున్నీరుగా ఏడిస్తే ‘ఇన్‌కన్సోలబుల్’. ‘ఇఫ్యూసివ్ యాంగర్’ అని రాస్తే చదివేవాళ్లకు ఏదో అచ్చుతప్పు అనిపిస్తుంది.

లావా సంగతి పక్కన పెడితే, వస్తువులకు కూడా కుదరదు. ‘ద బిర్యానీ వాజ్ ఇఫ్యూసివ్’ అంటే అర్థమే లేదు, బిర్యానీ నోరు విప్పదు కదా. ‘షి వాజ్ ఇఫ్యూసివ్ అబౌట్ ద బిర్యానీ’ అంటే సరిపోతుంది. మాట్లాడే మనిషికి గానీ, ఆ మనిషి నుంచి వచ్చిన పొగడ్త, ఉత్తరం, స్వాగతం, సమీక్ష లాంటి వాటికి గానీ మాత్రమే ఈ విశేషణం తగిలించాలి.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీరు రాసిన వాక్యంలోని మనిషి నోరు మూసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నట్టు ఊహించండి. వాక్యం అప్పటికీ నిజమేనా? నిజమైతే అక్కడ ఇఫ్యూసివ్ తప్పు. ‘ఫలితాలు చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు’ అన్నది కదలకుండా కూర్చున్నా నిజమే, కనుక అది ‘ఓవర్‌జాయ్డ్’. ‘టీచర్‌ను పొగడ్తలతో ముంచెత్తాడు’ అన్నది నోరు మూసుకుంటే అబద్ధమవుతుంది. అక్కడ ఇఫ్యూసివ్ వేయండి.

జోడీ మాటలు, విభక్తులు

మాట అర్థమయ్యాక కూడా చాలామంది తడబడేది ఇక్కడే. తెలుగులో విభక్తి మాట చివర అంటుకుంటుంది, ఇంగ్లీషులో ముందు నిలబడుతుంది. ఏ విశేషణానికి ఏది వస్తుందో వాడుకను బట్టి నేర్చుకోవాల్సిందే.

నామవాచకం ముందు వచ్చే జోడీలు: ‘ఇఫ్యూసివ్ ప్రైజ్’, ‘ఇఫ్యూసివ్ థాంక్స్’, ‘యాన్ ఇఫ్యూసివ్ వెల్‌కమ్’, ‘యాన్ ఇఫ్యూసివ్ గ్రీటింగ్’. మాట అచ్చు ధ్వనితో మొదలవుతుంది కాబట్టి ‘ఎ’ కాదు, ‘యాన్’. ప్రైజ్, థాంక్స్ ముందు అది కూడా అక్కర్లేదు. ‘యాన్ ఇఫ్యూసివ్ ప్రైజ్’ తప్పు, ఎందుకంటే పొగడ్త అనే అర్థంలో ప్రైజ్ లెక్కపెట్టే వస్తువు కాదు. పైగా పోటీలో గెలుచుకునే ప్రైజ్ వేరు, దాని స్పెల్లింగూ పలుకూ వేరు. ఇక్కడ తెలుగు లిపిలో ఒకటిగా కనిపించే ఈ రెండూ ఇంగ్లీషులో కలిసిపోతే ‘పొర్లే బహుమతి’ అవుతుంది.

మనిషి గురించి చెప్పేటప్పుడు రెండు కట్టుబాట్లు ఎక్కువ. దేన్ని మెచ్చుకున్నారో నేరుగా చెప్పాలంటే ‘అబౌట్’: ‘హి వాజ్ ఇఫ్యూసివ్ అబౌట్ ద న్యూ మెట్రో స్టేషన్’. ఎలా మెచ్చుకున్నారో చెప్పాలంటే ‘ఇన్’: ‘షి వాజ్ ఇఫ్యూసివ్ ఇన్ హర్ ప్రైజ్ ఆఫ్ ద నర్సెస్’. రెండో వాక్యంలో ‘హర్’ను వదిలేయకండి, అది ఉంటేనే పొగడ్త ఎవరిదో తెలుస్తుంది. ‘ఇఫ్యూసివ్ విత్ ప్రైజ్’ కూడా అక్కడక్కడా కనిపిస్తుంది, తప్పు కాదు. ‘ఇఫ్యూసివ్ ఆన్’ మాత్రం తప్పు. తెలుగులో ‘టీమ్ మీద పొగడ్తలు కురిపించారు’ అంటాం కదా, ఆ ‘మీద’ తెలియకుండానే ‘ఆన్’గా దూరిపోతుంది.

క్రియావిశేషణం ‘ఇఫ్యూసివ్‌లీ’. అందరికంటే దీనికి దగ్గరి చుట్టం ‘థాంక్’: ‘హి థాంక్డ్ అస్ ఇఫ్యూసివ్‌లీ’. ‘ప్రైజ్డ్’, ‘గ్రీటెడ్’, ‘అపాలజైజ్డ్’ పక్కన కూడా కూర్చుంటుంది. ‘ఇఫ్యూజ్’ అనే క్రియ ఉంది గానీ మామూలు రాతలో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

‘వెరీ ఇఫ్యూసివ్’ అనాలా? వ్యాకరణం అడ్డు చెప్పదు. కానీ మాటలోనే ‘ఎక్కువ’ ఉంది కనుక ‘వెరీ’ చాలాసార్లు దండగ.

మెచ్చుకోలా, చురకా?

ఈ మాటలో అన్నిటికంటే సూక్ష్మమైన విషయం ఇదే, దీన్ని నిదానంగా చదవండి.

మనకు పొంగు శుభం. గృహప్రవేశం రోజు పొయ్యి మీద పాలు పెట్టి, అవి అంచు దాటేదాకా ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఎదురుచూస్తారు. సంక్రాంతికి పొంగలి పొంగాలి. అందుకే తెలుగు చెవికి పొంగిపొర్లడం అంటే కలిమి, నిండుతనం. ఇంగ్లీషు చెవికి, అందులోనూ బ్రిటిష్ అలవాటున్న చెవికి, భావం అదుపు దాటి బయటపడటం కాస్త ఇబ్బంది కలిగించే సంగతి. నిఘంటువులు తిరగేసినా ఇదే కనిపిస్తుంది. కొన్ని ‘చాలా’ అంటాయి, కొన్ని ‘చాలా లేదా అతిగా’ అంటాయి. ఆ ‘అతిగా’ను మనవాళ్లు చదివి కూడా మరిచిపోతారు, మన సంస్కారంలో దానికి చోటు లేదు కాబట్టి.

గృహప్రవేశం నాడు పొర్లిన పాలు మంగళకరం. అవే పాలు ఆఫీసుకు ఆలస్యమవుతున్న సోమవారం పొద్దున పొర్లితే స్టవ్ కడుక్కోవాలి. పాలు అవే, సందర్భం వేరు. ఇఫ్యూసివ్ కూడా సందర్భాన్ని బట్టే రంగు మారుతుంది. ఆ రంగు కనిపెట్టాలంటే మొదట కారణాన్ని, పొగడ్తను పక్కపక్కన పెట్టి తూచండి. ఆపరేషన్ చేసి బిడ్డను బతికించిన డాక్టరుకు తల్లి చెప్పిన థాంక్స్ ఇఫ్యూసివ్ అంటే ఎవరూ అతి అనుకోరు. తలుపు తీసి పట్టుకున్నందుకు అంత థాంక్స్ చెబితే ఆ మాటకు ‘అతి’ రంగు అంటుకుంటుంది.

తర్వాత పక్కనున్న క్రియావిశేషణాన్ని చూడండి. ‘ఓవర్లీ ఇఫ్యూసివ్’, ‘ఎంబరాసింగ్లీ ఇఫ్యూసివ్’ అంటే చురక, సందేహం లేదు. ‘అన్‌కేరక్టరిస్టికల్లీ ఇఫ్యూసివ్’, ‘అన్‌యూజువల్లీ ఇఫ్యూసివ్’ అంటే కథ మారిపోతుంది. మామూలుగా ముక్తసరిగా మాట్లాడే మనిషి ఈసారి పొర్లాడని దాని భావం. గ్రానైట్ లాంటి మనిషి నోట వచ్చిన పొగడ్తకు బరువెక్కువ. ఒక కఠినమైన పరీక్షకుడి గురించి, గట్టి కోచ్ గురించి ఇలా రాశారంటే అది పెద్ద మెప్పు.

ఇక ‘కాదు, లేదు’ అనే వ్యతిరేకార్థం తోడైతే మరింత జాగ్రత్త. ‘ద రివ్యూస్ వర్ లెస్ దాన్ ఇఫ్యూసివ్’ అంటే ‘పొగడ్తలు కాస్త తగ్గాయి’ అని కాదు. సమీక్షకులు పెద్దగా మెచ్చుకోలేదని, బహుశా పెదవి విరిచారని మర్యాదగా చెప్పడం. ‘హార్డ్‌లీ ఇఫ్యూసివ్’, ‘నాట్ ఎగ్జాక్ట్‌లీ ఇఫ్యూసివ్’ కూడా అంతే. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో కూర్చుని లండన్ క్లయింట్ల మెయిళ్లు చదివేవాళ్లు ఈ మూడు పలుకుబళ్లను గుర్తు పెట్టుకోవాలి. ‘ద బోర్డ్ వాజ్ లెస్ దాన్ ఇఫ్యూసివ్ అబౌట్ ద డెమో’ అని మెయిల్ వస్తే అది పని బాగాలేదని చెప్పడమే. దాన్ని సంతృప్తిగా లెక్కవేసుకుని తర్వాతి దశకు వెళ్లిపోతే, మూడు వారాల తర్వాత అదే మాట ఈసారి మర్యాద లేకుండా వస్తుంది.

ఇరుగుపొరుగు మాటలు

‘గషింగ్’: ఇదీ పొర్లడమే, కానీ చురక ఎక్కువ, మాట్లాడే భాషకు దగ్గర. నిజాయితీ గల పొగడ్తను గౌరవంగా చెప్పాలంటే దీన్ని పక్కన పెట్టండి.

‘ప్రొఫ్యూస్’: ఇదే ‘పోయడం’ కుటుంబం, కానీ కొలిచేది భావాన్ని కాదు, పరిమాణాన్ని. అందుకే చెమటకు, రక్తస్రావానికి కూడా వాడతారు. ‘స్వెటింగ్ ప్రొఫ్యూస్‌లీ’ సరి, ‘స్వెటింగ్ ఇఫ్యూసివ్‌లీ’ హాస్యాస్పదం. క్షమాపణలకు రెండూ చెల్లుతాయి గానీ, ‘ప్రొఫ్యూస్ అపాలజీస్’ ఎక్కువ సహజంగా వినిపిస్తుంది.

‘ఎగ్జూబరెంట్’: ఒళ్లంతా ఉత్సాహం. ట్యాంక్ బండ్ మీద గంతులేస్తూ పరుగెత్తే పిల్లవాడు ఎగ్జూబరెంట్. వాడు ఎవరినీ పొగడటం లేదు, ఎవరికీ థాంక్స్ చెప్పడం లేదు, కాబట్టి ఇఫ్యూసివ్ కాదు. ‘డిమాన్‌స్ట్రేటివ్’ అంటే ప్రేమను దాచకుండా కౌగిలించుకుని, చెయ్యి పట్టుకుని చూపించే స్వభావం. మాటలు తక్కువైనా చెల్లుతుంది. ‘ల్యావిష్’లో ఖర్చు వాసన ఉంటుంది, పెళ్లిభోజనానికీ పొగడ్తకూ రెంటికీ పనికొస్తుంది.

‘ఫుల్‌సమ్’ను ముట్టుకోకండి. కొందరు దాన్ని ‘నిండైన’ అనే అర్థంలో రాస్తారు, కొందరు ‘వెగటు పుట్టించేంత అతి’ అని చదువుతారు. మీరు ఏ అర్థంలో రాశారో, చదివేవాళ్లు ఏ అర్థంలో తీసుకుంటారో చెప్పలేం. అంత రిస్కు ఒక్క విశేషణం కోసం అనవసరం.

ఎదురు మాటలు కావాలంటే ‘రిజర్వ్‌డ్’, ‘రిస్ట్రెయిన్డ్’, ‘రెటిసెంట్’. చూపుకు దగ్గరగా ఉండి మోసం చేసేవి ‘ఇల్యూసివ్’, ‘ఇవేసివ్’. మొదటిది చేతికి చిక్కనిది, రెండోది సూటిగా జవాబు చెప్పకుండా దాటవేసేది. ‘ద మినిస్టర్ వాజ్ ఇవేసివ్’, ‘ద మినిస్టర్ వాజ్ ఇఫ్యూసివ్’: కొన్ని అక్షరాల తేడాతో వార్త తలకిందులైపోతుంది. కీబోర్డు సూచించిన మాటను అలాగే ఒప్పుకోకుండా ఒకసారి చూసుకోండి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఒకే సూత్రం: విశేషణాన్ని విశేషణంగా తేవద్దు, పనిగా మార్చండి. తెలుగు ఇలాంటి చోట క్రియను కోరుకుంటుంది. ‘షి వాజ్ ఇఫ్యూసివ్ ఇన్ హర్ థాంక్స్’ను ‘ఆమె తన కృతజ్ఞతలలో పొంగిపొర్లింది’ అని రాస్తే అది తెలుగు కాదు. ‘చేతులు పట్టుకుని మరీ పదే పదే థాంక్స్ చెప్పింది’ అంటే తెలుగు.

స్వాగతానికి: జనం చేసింది అయితే ‘బ్రహ్మరథం పట్టారు’, ఒక ఇంట్లో జరిగింది అయితే ‘గుమ్మం దాకా ఎదురొచ్చి నోరారా పలకరించారు’. పొగడ్తకు: పత్రిక భాషలో ‘వేనోళ్ల కొనియాడారు’, కాస్త అతి ధ్వనించాలంటే ‘ఆకాశానికెత్తేశారు’, మన నగరం మాటలో అయితే ‘మస్తు తారీఫ్ చేసిండు’. హైదరాబాద్ ఉర్దూలో ‘తారీఫోఁ కే పుల్ బాంధ్‌నా’ అనే పలుకుబడి ఉంది, పొగడ్తల వంతెనలు కట్టడం. ఇఫ్యూసివ్ ప్రైజ్‌కు అంత దగ్గరి మాట మరొకటి దొరకడం కష్టం. ‘లెస్ దాన్ ఇఫ్యూసివ్’కు ‘ముక్తసరిగా మెచ్చుకున్నారు’ లేదా ‘పెద్దగా మెచ్చుకోలేదు’.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడు జాగ్రత్త పడాల్సిన పలుకుబళ్లు కొన్ని ఉన్నాయి. ‘మునగచెట్టు ఎక్కించాడు’లో ఎదుటివాణ్ని ఉబ్బించే ఉద్దేశం ఉంది, అది ‘ఫ్లాటర్డ్’. ‘కాకా పట్టాడు’, ‘భజన చేశాడు’లో స్వార్థం ఉంది, దానికి ‘సికఫాంటిక్’ లాంటి మాట కావాలి. ఇఫ్యూసివ్‌లో అతి ఉండవచ్చు గానీ మోసం ఉండాలని లేదు. నిజంగా గుండె నిండి పొర్లినవాణ్ని భజనపరుడని రాయడం అన్యాయం. భజనపరుణ్ని ఇఫ్యూసివ్ అంటే వాణ్ని కాపాడినట్టు అవుతుంది.

ఎక్కడ వాడకూడదు

మీ గురించి మీరు. ‘ప్లీజ్ యాక్సెప్ట్ మై ఇఫ్యూసివ్ థాంక్స్’ అని మెయిల్ చివర రాయకండి. ఇది పక్కన నిలబడి చూసేవాళ్లు వేసే మాట. మన కృతజ్ఞత పొర్లిందని మనమే ప్రకటించుకోవడం వింతగా ఉంటుంది. ‘హృదయపూర్వక ధన్యవాదాలు’ మీ మనసులో ఉంటే దానికి ‘హార్ట్‌ఫెల్ట్’ లేదా ‘సిన్సియర్’ ఉన్నాయి.

ఎమ్మెస్ కోసం రాసే సిఫారసు ఉత్తరాల్లో, ఆఫీసు అప్రైజల్‌లో మనిషి గుణంగా వాడకండి. ‘షి ఈజ్ యాన్ ఇఫ్యూసివ్ స్టూడెంట్’ అంటే చదివే ప్రొఫెసరుకు చలాకీ విద్యార్థిని కాదు, భావాలు అదుపులో పెట్టుకోలేని మనిషి కనిపించవచ్చు. మీరు చెప్పదలచింది ‘ఎంథూజియాస్టిక్’ అయితే అదే రాయండి. ఇతరుల మాటను ఉటంకించడానికి మాత్రం ఇఫ్యూసివ్ చక్కగా పనికొస్తుంది: ‘ద క్లయింట్ వాజ్ ఇఫ్యూసివ్ ఇన్ దెయిర్ ప్రైజ్ ఆఫ్ హర్ వర్క్’. ఇది అప్రైజల్‌లో బలమైన వాక్యం.

జీఆర్ఈ రాసేవాళ్లకు ఒక్క ముక్క. ‘సెంటెన్స్ ఈక్వివలెన్స్’లో ఆరు మాటల్లోంచి వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచుకోవాలి. వాక్యంలో ‘ఆల్దో’, ‘అన్‌లైక్’ లాంటి మలుపు, ఒక పక్క ‘టాసిటర్న్’, ‘రెటిసెంట్’ లాంటి మూగ మాట కనిపిస్తే, ఖాళీలో ఇఫ్యూసివ్ ఉండే అవకాశాన్ని ముందు చూడండి. దాని జోడీగా ‘గషింగ్’, ‘డిమాన్‌స్ట్రేటివ్’ లాంటివి ఉన్నాయేమో వెతకండి. జోడీ దొరక్కపోతే ఆ మాటను వదిలేయండి, ఒక్కటే అందంగా అతికినా మార్కు రాదు.

సాధన

రోజుకు మూడు వాక్యాల చొప్పున ఐదు రోజులు రాయండి. మొదటి రోజు థాంక్స్, రెండో రోజు పొగడ్త, మూడో రోజు స్వాగతం, నాలుగో రోజు ‘లెస్ దాన్’ రకం, ఐదో రోజు ‘అన్‌యూజువల్లీ’ రకం. ప్రతి వాక్యానికీ నోరు మూసుకున్న మనిషి పరీక్ష పెట్టండి. తర్వాత ఈ నాలుగు తెలుగు వాక్యాలను ఇంగ్లీషులో రాసి, కింద సరిచూసుకోండి.

ఒకటి: ‘పెళ్లివారు వంటలను తెగ మెచ్చుకున్నారు.’ రెండు: ‘రిజల్ట్ చూసి అమ్మ లోలోపల మురిసిపోయింది.’ మూడు: ‘ఎప్పుడూ మాట్లాడని మామయ్య ఈసారి ఆమె పాటను నోరారా పొగిడారు.’ నాలుగు: ‘పని కావాలని ఆఫీసర్‌ను మునగచెట్టు ఎక్కించాడు.’

మొదటిదానికి ‘ద వెడ్డింగ్ గెస్ట్స్ వర్ ఇఫ్యూసివ్ అబౌట్ ద ఫుడ్’. రెండోదానికి ఇఫ్యూసివ్ పనికిరాదు, మురిపెం లోపలే ఉంది: ‘హర్ మదర్ వాజ్ క్వయట్లీ డిలైటెడ్’. మూడోదానికి ‘హర్ అంకుల్, నార్మల్లీ సో రిజర్వ్‌డ్, వాజ్ అన్‌యూజువల్లీ ఇఫ్యూసివ్ ఇన్ హిజ్ ప్రైజ్ ఆఫ్ హర్ సింగింగ్’. నాలుగోదానికి ‘హి ఫ్లాటర్డ్ ద ఆఫీసర్ టు గెట్ ద వర్క్ డన్’. మూడోదాంట్లో ‘హిజ్’ మరిచిపోయి ఉంటే విభక్తుల భాగాన్ని మళ్లీ చదివి, ఆ ఒక్క వాక్యాన్ని తిరిగి రాయండి.